సంతకం కింద గీత

నేను రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి మూడోసారి ఓడిపోయాను. ఫలితాలు వచ్చిన మర్నాడు అలవాటు కొద్దీ పొద్దున ఆరింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలోకి వచ్చాను. పదేళ్లపాటు కాలు పెట్టే సందు లేకుండా జనం కూర్చున్న వరండా అది. ఆ రోజు అక్కడ ఒక కుక్క పడుకుని ఉంది. నన్ను చూసి అది కూడా లేవలేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు కుర్రవాళ్లు వస్తుంటారు. రాజకీయాల్లోకి రావాలని ఉందంటారు, అనుభవం చెప్పమంటారు. వాళ్లు వినాలనుకునేది టికెట్ సంపాదించడం ఎలాగో, గెలవడం ఎలాగో. ఆ రెండూ నాకు అంత బాగా తెలిసి ఉంటే ఈ వేళప్పుడు ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతూ ఉండేవాణ్ణి కాదు. నాకు తెలిసింది ఒకే ఒక చిన్న విషయం. సంతకం కింద పెట్టే గీత గురించి. ఇది చదివే మీలో ఎవరైనా రేపు ఎమ్మెల్యే అయితే పనికొస్తుందని రాస్తున్నాను.

ఎమ్మెల్యే అంటే అసెంబ్లీలో మాట్లాడే మనిషని బయట అనుకుంటారు. నా పదేళ్లలో అసెంబ్లీలో మాట్లాడింది అంతా కలిపితే ఒక పూట కాదు. నేను నిజంగా చేసిన పని లెటర్లు ఇవ్వడం. గురుకులంలో సీటుకు లెటర్, బదిలీకి లెటర్, ఆసుపత్రిలో మంచం కోసం లెటర్, మస్కట్‌లో చిక్కుకున్న కొడుకు కోసం లెటర్. అడిగినవాళ్లకు కాదనకూడదు. ఎమ్మెల్యే నోట "కాదు" అనే మాట వస్తే అది సాయంత్రానికి పది ఊళ్లు తిరుగుతుంది. అందుకని అందరికీ ఇచ్చేవాణ్ణి. గెలిచిన కొత్తలో ఒక ఆఫీసరు ఫోన్ చేసి, "సార్, ఒకటే పోస్టుకు ముగ్గురికి లెటర్ ఇచ్చిండ్రు. ఎవలది జెయ్యమంటరు?" అని అడిగాడు. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను.

ఉపాయం చెప్పింది మా పీఏ. ఖానాపూర్ దిక్కు మనిషి. జూనియర్ అసిస్టెంటుగా చేస్తూ డిప్యుటేషన్ మీద నా దగ్గరికి వచ్చి, నాకంటే బాగా నా పని నేర్చుకున్నాడు.

"అన్నా, పని గావాలంటె సంతకం కింద చిన్న గీత గియ్యి. గీత లేదంటె ఫైల్ల పెట్టుకొమ్మని. ఆఫీసర్లకు నేను చెప్పొస్త."

"జనానికి తెలిస్తే?"

"జనం సంతకం జూస్తరన్నా. కింద గీతను ఎవలు జూస్తరు?"

అలా మొదలైంది. కొత్త ఆఫీసరు ఎవరు వచ్చినా మా పీఏ పూలగుత్తి పట్టుకుని వెళ్లి, శాలువా కప్పి, చివర్లో గీత సంగతి చెవిలో వేసి వచ్చేవాడు. లెటరు తీసుకున్నవాడు సంతోషంగా వెళ్లేవాడు. గీత లేని లెటరైతే ఆ సంతోషం కొన్నాళ్లు ఉండేది. తర్వాత వాడు ఆఫీసరును తిట్టుకునేవాడు. నన్ను ఎవరూ తిట్టేవారు కాదు. ఇంత హాయైన ఏర్పాటు ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

మా నియోజకవర్గానికి ఒక పక్క గోదావరి హద్దు. అవతల ఒడ్డు నిర్మల్ వైపు. ఇవతల, అడవి అంచున ఒక ఊరుంది. మగవాళ్లలో సగం మంది గల్ఫ్‌లో, ఆడవాళ్లందరూ బీడీల పనిలో. టౌను నుంచి బస్సు పక్క ఊరి దాకా వచ్చి అక్కడి నుంచే మళ్లిపోయేది. ఇంకో నాలుగు కిలోమీటర్లు వస్తే ఈ ఊరు. ఆ నాలుగు కిలోమీటర్లు ఎన్నడూ రాలేదు. పదో తరగతి దాకా ఊళ్లోనే బడి. ఆ తర్వాత కాలేజీ టౌనులో. మగపిల్లలు బండ్ల మీద వెళ్లేవారు. ఆడపిల్లలు చేట ముందేసుకుని బీడీలు చుట్టేవారు.

రెండోసారి గెలిచాక ఆ ఊళ్లో కమ్యూనిటీ హాలు ప్రారంభానికి వెళ్లాను. రెండుసార్లూ అక్కడ నాకు ఓట్లు తక్కువే పడ్డాయి. అయినా మైకు దొరికితే నోరు ఊరుకోదు. "ఈ ఊరు నాకు సొంత ఊరు లెక్క" అన్నాను. ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"సొంతూరైతె ఒక్కసారి బండి దిగి నడ్సి రా సారూ! పక్కూరి కాన్నుంచి నాలుగు కిలోమీటర్లే. గీ బండ్లు పది వచ్చి దుమ్ము లేపిపోతె మాకేమొస్తది? బస్సు దెస్తవా, లేదా గది జెప్పు."

సభంతా పగలబడి నవ్వింది. స్టేజీ మీద సర్పంచి నవ్వాడు. నా గన్‌మన్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఎంత కష్టమైనదో ఇప్పటికీ నా దవడలకు గుర్తు. ఆ మాటలన్నది నలభై ఏళ్ల మనిషి, సన్నగా, మెడలో పసుపుతాడు, భర్త గల్ఫ్‌లో. కారెక్కగానే ఆమె ఎవరో కనుక్కోమని పీఏకు చెప్పాను. ఎందుకు కనుక్కోమన్నానో మాత్రం చెప్పలేదు.

రెండు నెలలు తిరగకుండానే ఆమె నా వరండాలో ఉంది. పక్కన కూతురు. పదో తరగతి మంచి మార్కులతో పాసైన పిల్ల. టౌను కాలేజీలో బైపీసీలో చేర్పించారట.

"సారూ, ఆనాడు నాలుగు మాటలన్న. మనసుల పెట్టుకోకుండ్రి. నా నోరు జర ఆగదు."

"అయ్యో అక్కా, మనోళ్లు గాకపోతె ఎవలంటరు? కూసో."

చాయ్ తెప్పించాను. పిల్ల దరఖాస్తు ఇచ్చింది. పొద్దున ఏడున్నరకు ఒక ట్రిప్పు, సాయంత్రం అయిదింటికి ఒక ట్రిప్పు, ఊరి దాకా. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"ఎవరు రాసిండ్రు బిడ్డా?"

"నేనే సార్. ఇంటర్ అయినంక నర్సింగ్ జేస్త."

నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాను. డిపో మేనేజరుకు లెటరు టైపు చేయించాను. సంతకం పెట్టాను. పీఏ పక్కన నిలబడి కాగితం తీసుకోకుండా ఒక్క క్షణం ఆగాడు. వాడి చూపు నా పెన్ను మీద ఉంది. నేను పెన్నుకు క్యాపు పెట్టాను.

ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టింది. నాకు ఆ పూట చాలా తృప్తిగా ఉండింది. ఈ మాట రాయకుండా ఉండొచ్చు. కానీ ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. నేను కూడా పల్లె నుంచి బస్సు టాపు మీద కూర్చుని వెళ్లి చదువుకున్నవాణ్ణే. ఆ బస్సే లేకపోతే నా బతుకు ఏమయ్యేదో నాకు తెలుసు. తెలిసే క్యాపు పెట్టాను.

దసరా పోయాక ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కతే.

"బస్సు రాలే సారూ. మా పిల్ల, ఇంకిద్దరు పిల్లలు నడ్సుకుంట పోయేది పక్కూరి దాక. ఇప్పుడా ఇద్దరు బందైండ్రు. ఒక్క పిల్లను అడివి తొవ్వల ఎట్ల పంపుదు?"

"హాస్టల్ల ఎయ్యరాదక్కా?"

"వాళ్ల బాపు ఒప్పుకుంటలేడు. ఫోన్ల లొల్లి జేస్తుండు. ఇంటి నుంచి పోయొస్తెనే సదువు, లేకుంటె లేదన్నడు."

"డిపోల డ్రైవర్లు తక్కువున్నరట. ఇంకోటి గట్టిగ రాసిస్త."

రాసిచ్చాను. గీత పెట్టలేదు. మొదటిసారి కోపంతో పెట్టలేదు. రెండోసారి ఎందుకు పెట్టలేదో ఎంత ఆలోచించినా నాకు దొరకలేదు. కోపం అప్పటికే పోయింది. వరండాలో జనం ఉన్నారు, ఎవరిదో పెళ్లికి వెళ్లాల్సి ఉంది, చెయ్యి అలవాటుగా సంతకం చేసి ఆగిపోయింది. కోపంతో చేసిన దాని కంటే ఇదే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

పిల్ల చదువు మానేసింది. హాజరు తక్కువైంది, పరీక్షలు రాయలేదు.

ఎండాకాలం చివర్లో తల్లీ కూతుళ్లిద్దరూ వచ్చారు. కాలేజీ ప్రిన్సిపాలు మంచివాడట, మళ్లీ మొదటి సంవత్సరంలో చేర్చుకుంటానన్నాడట. "బస్సొస్తెనే పంపుత అన్నడు సారూ మా ఆయన. గిదే ఆఖరు" అంది తల్లి. పిల్ల దరఖాస్తు బల్ల మీద పెట్టినప్పుడు దాని వేళ్లు చూశాను. తంబాకు పట్టి కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి.

ఆ రోజు పీఏ లేడు. ఆంజనేయస్వామి మాల వేసుకుని, విరమణకు కొండగట్టు వెళ్లాడు. లెటరు నేనే చేత్తో రాశాను. సంతకం పెట్టాను. కింద గీత గీశాను. ఒకసారి కాదు, దాని మీదే రెండుసార్లు గీశాను, లావుగా.

"ఈసారి పక్కా అక్కా. ఫికర్ జెయ్యకు."

"మీ కడుపు సల్లగుండ" అంది.

ఆమె మళ్లీ రాలేదు. రాకపోతే పని అయినట్టే అని మా లెక్క. రావడం మానుకున్నవాళ్లందరినీ మేము పనులైనవాళ్ల కిందే జమకట్టేవాళ్లం. మంచి పని చేశానన్న సంతోషం కూడా కొన్నాళ్లు అనుభవించాను. ఫోన్ ఎత్తి, "బస్సు వేశారా?" అని ఒక్క మాట అడగవలసింది. అడగలేదు. ఎన్నికల దాకా ఆ ఊరికి వెళ్లవలసిన పని కూడా పడలేదు.

మూడో ఎన్నికల ప్రచారంలో ఆ ఊరి పొలిమేరలో కుర్రవాళ్లు నా బండికి అడ్డంగా ఎడ్లబండి పెట్టారు. "బస్సు లేదు, ఓటు లేదు" అని అరుపులు. నేను నిజంగానే ఆశ్చర్యపోయాను. పీఏ వైపు తిరిగి, "గీత పెట్టిన గదా!" అన్నాను.

వాడు తల పట్టుకున్నాడు. "అన్నా, అప్పుడే పాత మేనేజరు పోయి కొత్తాయన వచ్చిండు. నేను మాలల ఉంటి. కొత్తాయనకు గీత సంగతి చెప్పనే లేదు. తర్వాత యాది మర్చిన."

కొత్త మేనేజరు అందరిలాగే చదివి, అందరి లెటర్లలాగే ఫైల్లో పెట్టుకున్నాడు. నేను మనస్ఫూర్తిగా రాసిన లెటరుకు, వంచించి రాసిన లెటరుకు మధ్య తేడా తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ ముగ్గురిలో ఒకడికి బదిలీ అయితే తేడాయే లేదు.

అంతలో ఆమె వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో మూడు లెటర్ల జిరాక్సులు, మూడింటి మీదా డిపో ముద్ర. ఎడ్లబండి ఎక్కి నిలబడి, వాటిని పైకెత్తి చూపించింది.

"సార్‌ను ఎందుకు ఆపుతరురా? చూడుండ్రి! ఒక్కసారి గాదు, మూడుసార్లు రాసిచ్చిండు. చాయ్ తాపి, పక్కన కూసోపెట్టుకొని రాసిచ్చిండు. ఆఫీసరు జెయ్యకపోతె సారేం జేస్తడు? నేను అందరి ముంగట తిడితె గూడ మనసుల పెట్టుకోని మనిషి!"

ఆమె దిగగానే కుర్రవాళ్లు సణుక్కుంటూ ఎడ్లబండిని పక్కకు లాగారు. ఆమె మరిది కాబోలు ఒకతను, "నీకేమెరుకనే వదినె, వీళ్ల నాటకాలు" అన్నాడు. ఆమె అతని మీదికి లేచింది. నా చేతిలో మైకు ఉంది. ఊరంతా నా వైపు చూస్తోంది.

నా రాజకీయ జీవితంలో ఒక రోజును వెనక్కి తెచ్చుకోనిస్తారంటే నేను ఆ రోజును అడుగుతాను. గెలిచిన రోజులు వద్దు. ఆ రోజు నేను మైకులో అన్న మాటలు ఇవి: "అక్క చెప్పింది నిజం. అధికారులు సహకరించలేదు. ఈసారి గెలిపిస్తే మొదటి పని మీ బస్సే."

చప్పట్లు కొట్టారు. నా బండి కదులుతుంటే ఆ పిల్ల కిటికీ పక్కకు వచ్చింది. మెడలో కొత్త నల్లపూసలు. అప్పటికే పెళ్లయినట్టుంది.

"సార్, ఒక్క ఫోన్ జేస్తె అయిపోయేది గదా?" అంది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకోవాలన్నట్టు.

డప్పుల మోతలో వినపడనట్టు చెయ్యి ఊపాను.

ఓడిపోయాను. పోలింగ్ బూత్‌ల వారీగా ఓట్ల కాగితం పట్టుకుని పీఏ వచ్చాడు. నన్ను ఊరడించడానికి ఒక వరుస మీద వేలు పెట్టి చూపించాడు. "గా ఊరు ఈసారి మనకే పడ్డదన్నా. గట్టిగ పడ్డది." నాకు అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఓడినందుకే అనుకుని వాడు నీళ్లు తెచ్చిచ్చాడు.

కొత్త ఎమ్మెల్యే నెలలోపే ఆ ఊరికి బస్సు వేయించాడు. ఒక్క ఫోన్. తనే స్టీరింగు పట్టుకుని ఊళ్లోకి నడిపిన ఫొటో పేపర్లో వచ్చింది. దాన్ని చూసి మావాళ్లు ఎగతాళి చేశారు. నేను చేయలేకపోయాను.

ఏడాదికి పైగా నాలో నేనే నలిగి, చివరికి ఆ ఊరికి పోతానంటే పీఏ ఫోన్లో బతిమాలాడు. "ఎవలికి తెల్వదన్నా గది. నువ్వు, నేను, గా పాత మేనేజరు. ఎందుకు తవ్వుకునుడు?" ఎవరికీ తెలియకపోవడమే కదా మన పదేళ్ల పద్ధతి అన్నాను.

పక్క ఊళ్లో ఆటో దిగి నడిచాను. ఆమె ఆనాడు అన్న మాట గుర్తుండే నడిచాను. మోకాళ్లు అరిగిన నాకు నాలుగు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. దారి పొడుగునా మోదుగు చెట్లు, ఒక చోట వాగు, మనిషి అలికిడి లేదు. పదహారేళ్ల పిల్ల పొద్దున్నే ఒంటరిగా నడవాల్సిన దారి అది.

తల్లీ కూతుళ్లిద్దరూ ఇంటి ముందు రేకుల నీడలో చేటలు ముందేసుకుని బీడీలు చుడుతున్నారు. కూతురి పక్కన ఏడాది పాప బొంతలో నిద్రపోతోంది. అల్లుడు కూడా గల్ఫ్‌కు వెళ్లాడట.

"నడ్సొచ్చిండ్రా సారూ? కారేమాయె?" అని తల్లి గాబరాగా లేచి నీళ్లిచ్చింది. తాగి చెప్పడం మొదలుపెట్టాను. అంతా చెప్పాను. గీత సంగతి, క్యాపు సంగతి, మైకు సంగతి.

ఆమె లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. మూడు కాగితాలు ఒడిలో పరుచుకుని మూడోదాని మీద వేలుతో తడిమింది.

"గిదేనా గీత?"

"అదే."

"గీ రెండిట్ల లేదు."

"లేదక్కా."

"మరి మనసుల పెట్టుకోలే అంటివి?"

కూతురు చుడుతున్న బీడీ ఆపి, "మూడోదానికి ఉన్నది గదా సార్, అదెందుకు కాలే?" అంది. కొత్త మేనేజరు సంగతి చెప్పాను. విని చిన్నగా నవ్వింది.

"అంటె నిజంగ రాసినా గంతే, ఉత్తగ రాసినా గంతే."

తల్లి కాగితాలు మళ్లీ కవరులో పెట్టింది. "మీ కోసం ఊరందరితోని కొట్లాడిన సారూ. మా మరిదితోని ఇప్పటికి మాటల్లేవు" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటుందని, తిడుతుందని, తిడితే నాకు కొంచెం తేలికవుతుందని ఆశపడి వచ్చినట్టున్నాను. ఆమె ఆ సాయం కూడా చేయలేదు. చేట ముందుకు లాక్కుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది. నేను కూర్చునే ఉన్నాను. పాప లేచి ఏడ్చింది, కూతురు ఎత్తుకుంది.

దూరంగా బస్సు హారన్ వినపడింది.

"లే సారూ. గిది పోతె మళ్ల పొద్దున్నే" అంది తల్లి. కవరు నా చేతిలో పెట్టింది. "ఇవి తీస్కపోండ్రి. మా ఇంట్ల ఎందుకు."

లేచాను. కూతురు అప్పటికే పాపను చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను సాగనంపడానికి అనుకున్నాను. కానీ ఆమె నా వైపు చూడటం లేదు.

"రోజు గీ యాళ్లకు గట్లనే నిలబడ్తది" అంది తల్లి నాకు మాత్రమే వినపడేలా. "ఏం జూస్తున్నవే అంటె ఊకెనే అంటది."

బస్సు వచ్చి ఆగింది. లోపలంతా కాలేజీ ఆడపిల్లలు. నేను ఆ కవరు పట్టుకుని బస్సు తలుపు మెట్ల దగ్గరే నిలబడిపోయాను. పుస్తకాల సంచి భుజాన వేసుకున్న ఒక పిల్ల మెట్టు మీద ఆగి, నన్ను ఎగాదిగా చూసింది.

"తాతా, జర జరుగు. మమ్ముల దిగనియ్యి."

జరిగాను.